అమ్మమ్మ చేతి టోపీ

గౌరవనీయులైన వదినగారికి,

మీ కోడలి తల్లి నమస్కరించి రాస్తున్నది. దేవుడి దయవల్ల ఇక్కడ మేమిద్దరం క్షేమం, బేకరీ పొయ్యి కూడా క్షేమం. మీరు, అన్నయ్యగారు, అల్లుడుగారు, మా పిల్ల బాగున్నారని తలుస్తాను. అన్నయ్యగారిని అడిగినట్టు చెప్పండి. జైలరుగా రిటైరయ్యారు గానీ ఆయనంటే మాకింకా భయమే. పెళ్ళిలో ఆయన లేచి నిలబడగానే భోజనాల వరస దానంతటదే తిన్నగా అయిపోవడం నేను కళ్ళారా చూశాను.

మీ కిందటి ఉత్తరంలో మీరు మామూలుగా రాసిన మాట ఒకటి నన్ను కుదురుగా ఉండనివ్వడం లేదు. మీ ఇంట్లో ఏ బిడ్డ పుట్టినా ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చేటప్పుడు తలమీద అమ్మమ్మ స్వయంగా అల్లిన ఊలు టోపీ ఉండాలనీ, ఇంతవరకూ ఒక్క అమ్మమ్మా తప్పలేదనీ రాశారు. ఈసారి అమ్మమ్మని నేను.

వదినగారూ, నాకు అల్లిక రాదు. ఊలుని గొర్రె మీద చూశాను, మనిషి మీద చూశాను. మధ్యలో ఏం జరుగుతుందో నాకు తెలియదు. పాతికేళ్ళుగా ఈ చేతులు పిండి పిసకడం తప్ప వేరే పని ఎరగవు. మా ఆయనకి చెబితే, "కొని పంపెయ్, ఎవరికి తెలుస్తుంది?" అన్నారు. "దేవుడికి తెలుస్తుంది" అన్నాను. "ఆయన ఎవరికీ చెప్పడులే" అన్నారు. అలా చెయ్యలేను. నా మనవడో మనవరాలో ఈ లోకంలోకి వచ్చిన మొదటి వారమే నేను అబద్ధం తొడిగి పంపలేను.

మీది మామూలు చెయ్యి కాదు. పెళ్ళికి మీ వాళ్ళంతా వేసుకొచ్చిన స్వెట్టర్లు మీరు అల్లినవేనని విని మావైపు ఆడవాళ్ళు నోళ్ళు తెరిచారు. అందుకే అడుగుతున్నాను. చేసి పెట్టమని కాదు, నేర్పమని. ఇంకా నాలుగు నెలల టైముంది. ఉత్తరంలో రాస్తే అక్షరం తప్పకుండా అలాగే చేస్తాను.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క.: మా పిల్లకి చెప్పకండి. నా కుట్టుపని దానికి తెలుసు. చిన్నప్పుడు దాని చొక్కాకి గుండీ కుట్టి, ముందు భాగాన్ని వెనక భాగంతో కలిపేశాను.

*

ప్రియమైన వదినగారికి,

మీ ఉత్తరం చేరి నాలుగు రోజులైంది. చదివి మడిచిపెట్టి, మళ్ళీ విప్పి చదివాను. మా ఇంట్లో ఇంతవరకూ ఎవరూ ఇలా అడగలేదు. మీరు అడిగారంటే అది మీ మంచితనం. మీ అమ్మాయి బాగుంది, రెండు పూటలా నడుస్తోంది, చింత పెట్టుకోకండి. ఊలు, రెండు సూదులు వేరే పార్శిల్లో పంపాను.

మొదటి పాఠం. చదరపు గుడ్డ. పసిబిడ్డ మొహం తుడవడానికి పనికొస్తుంది. జారుముడి వేసి మొదలుపెట్టి ఎడమచేతి సూది మీద ముప్ఫై కుట్లు ఎక్కించాలి. కుడి సూదిని కుట్టులోకి దూర్చి, దారం చుట్టి, ఇవతలికి లాగి, పాత కుట్టుని వదిలేయాలి. అంతే పని. ప్రతి వరసా ఇలాగే. వరస పూర్తయిన ప్రతిసారీ హాజరు తీసుకోవాలి. ముప్ఫైమందీ ఉండాలి. ఒక్కడు తప్పించుకున్నా కిందనున్న వాళ్ళందరూ వాడి వెనకే పోతారు. చదరం వచ్చాక, రెండు కుట్లు అల్లి మొదటిదాన్ని రెండోదాని మీదుగా దాటించి, ఒక్కొక్కరినే బయటికి పంపాలి. అందరినీ ఒకేసారి వదలకూడదు.

ఇది చదివి భయపడకండి. మెల్లిగా, పువ్వు పట్టుకున్నట్టు పట్టుకోండి.

మీ అల్లుడి తల్లి

తా.క.: మీ అన్నయ్యగారు పక్కనే పేపరు చదువుకుంటున్నారు. ఆయనకి ఇవేవీ పట్టవు. "సూదిని వేళ్ళతో పట్టుకోమను, గుప్పిటతో కాదు" అని మాత్రం అన్నారు. ఎందుకన్నారో మరి.

*

గౌరవనీయులైన వదినగారికి,

దేవుడికి దణ్ణం పెట్టుకుని సూదులు పట్టాను. గుడ్డ పూర్తయింది. నిన్ననే పార్శిల్ చేశాను. నా మొదటి పని గనక గురువుగారికే చెందాలి.

కాస్త తేడా వచ్చింది, ముందే చెబుతాను. ముప్ఫై కుట్లతో బయలుదేరాను. మీరు చెప్పినట్టే హాజరు తీసుకున్నాను. ఆరో వరసకి ముప్ఫై మూడున్నాయి. పదో వరసకి ముప్ఫై ఏడు. పిలవని చుట్టాల్లా ఎక్కడెక్కడి నుంచో వచ్చి చేరారు. వచ్చినవాళ్ళని పొమ్మనలేక అందరినీ కలుపుకుని పోయాను. పూర్తయ్యేసరికి నలభై ఒక్కరు. తప్పించుకోకుండా చూడమన్నారు గానీ, కొత్తవాళ్ళొస్తే ఏం చెయ్యాలో మీరు రాయలేదు.

ఇంకొకటి. గుడ్డ కొంచెం గట్టిగా ఉంది. పిండికి అలవాటుపడ్డ చేతులు కదా, లాగకుండా ఉండలేకపోయాను. బల్లమీద నిలబెడితే నిలబడింది. మా ఆయన వచ్చి దాన్ని వేలితో తట్టి, "ఇంట్లో ఎవరున్నారండీ?" అని అడిగారు. నేను నవ్వలేదు.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క.: మొహం తుడిచే ముందు రెండుసార్లు ఉతికితే మెత్తబడుతుందేమో. నేను ఒకసారి ఉతికాను. ఇంకా గట్టిపడింది.

*

ప్రియమైన వదినగారికి,

మీ పార్శిల్ ఈ పూటే అందింది. ఉత్తరం ఇంకా రాలేదు గానీ, థాంక్స్ చెప్పకుండా ఉండలేక వెంటనే రాస్తున్నాను.

కాళ్ళు తుడుచుకునే పట్టా ఎంత బాగుందో! వీధి గుమ్మం ముందు వేశాం. ఒకవైపు సన్నగా, మరోవైపు వెడల్పుగా, విసనకర్రలా ఉన్న ఆ తీరు నేనెక్కడా చూడలేదు. ఎంత బురద కాళ్ళయినా ఒక్క రుద్దుకి శుభ్రం. పోస్టతను కూడా బూట్లు తుడుచుకుని, "ఇది కొబ్బరిపీచా అమ్మా?" అని అడిగాడు. ఎక్కడ కొన్నారో చెప్పండి, పక్కింటివాళ్ళకి రెండు కావాలట.

మీ అల్లుడి తల్లి

తా.క.: అన్నట్టు మొదటి పాఠం ఎంతదాకా వచ్చింది? గుడ్డ పూర్తయితే పంపండి, చూడాలని ఉంది.

*

వదినగారికి,

మీరు చూడాలనుకుంటున్న గుడ్డ మీ గుమ్మం ముందే ఉంది. తలుపు తీస్తే కనిపిస్తుంది.

నాకు కోపం లేదు. మేం రొట్టెలు చేసి బతికేవాళ్ళం. మా చేతి పని గుమ్మం దగ్గరే ఉంటుందని మీకనిపించి ఉంటుంది. అందులో తప్పేమీ లేదు. నాకు కోపం లేదు. కోపం లేదని రెండుసార్లు రాశాను, మీరు నమ్మాలి.

ఇంకా మూడు నెలలుంది. నేర్పడం మీకు విసుగైతే చెప్పండి. విసుగు లేకపోతే రెండో పాఠం రాయండి.

మీ కోడలి తల్లి

తా.క.: అది కొబ్బరిపీచు కాదని పోస్టతనికి చెప్పండి.

*

నా బంగారు వదినగారికి,

గుడ్డ సంగతి రాసిన మీ ఉత్తరం, కోపం లేదని రాసిన ఉత్తరం ఒకే రోజు చేరాయి. చదివి సిగ్గుతో చచ్చిపోయాను. వెంటనే వెళ్ళి గుడ్డని గుమ్మం దగ్గర్నుంచి తీసి, ఉతికి, ఇంట్లో దేవుడి పటం కింద పరిచాను. ఇంతకంటే ఎత్తైన చోటు మా ఇంట్లో లేదు. నన్ను క్షమించండి. మీరు పిసికిన రొట్టె తిని మా పిల్లాడు పెళ్ళిలో ఇంకో రెండు అడిగి పెట్టించుకున్నాడు. అలాంటి చేతుల్ని నేను తక్కువగా చూస్తానా?

రెండో పాఠం. కుందేలు. ఇది సరదాకి. కొత్త ఖైదీ బిగుసుకుని ఉంటాడు, వాణ్ణి ముందు వదులు చెయ్యాలి. చదరం ముక్క అల్లి, మధ్యలో మూడు మూలల కుట్టు వేసి దారం లాగితే పై భాగం తలగా, చెవులుగా విడిపోతుంది. దూది కూర్చి కింద మూసేయాలి. ఒక్క కన్ను చాలు, రెండో కన్ను ఎక్కడ పెట్టినా దొంగచూపు వస్తుంది.

మూడో పాఠం. టోపీ. వెడల్పు జానెడున్నర వచ్చేన్ని కుట్లు ఎక్కించాలి. అంచు సాగడానికి మొదటి ఎనిమిది వరసలు ఒక కుట్టు ముందునుంచి, ఒక కుట్టు వెనకనుంచి. తర్వాత మామూలుగా. ముప్పావు జాన ఎత్తు వచ్చాక రెండేసి కుట్లని కలిపి ఒకటి చేస్తూ తగ్గించాలి. ఆఖర్న మిగిలిన కుట్లలోంచి దారం పోనిచ్చి సంచి మూతిలా బిగించాలి. పక్క కుట్టేస్తే టోపీ.

మీ అల్లుడి తల్లి

తా.క.: ఖైదీ అని ఎందుకు రాశానో నాకే తెలియదు. జైలరుగారి ఇంట్లో ముప్ఫై ఏళ్ళు ఉంటే మాటలు అంటుకుంటాయి.

*

ప్రియమైన వదినగారికి,

దేవుడి పటం కింద అన్నారు. ఆ మాటతో నా మనసు తేలికైంది. నేనూ తొందరపడి ఏదేదో రాశాను, మరిచిపోండి.

మీ కుందేలు పాఠం నాకు ప్రాణం పోసింది. చదరం అల్లబోతే పొడుగ్గా వచ్చింది. చెవులు రెండూ వేలాడాయి, మూతి సాగింది. మా ఆయన చూసి, "బంగాళాదుంపకి చెవులెందుకు?" అన్నారు. కౌంటరు మీద పెడితే బన్ను కొనడానికొచ్చిన ఒక పిల్ల "ఏనుగు!" అని గుండెకి హత్తుకుంది. ఎంత లాగినా ఇవ్వలేదు. వాళ్ళమ్మ బన్నుతోపాటు దాన్నీ తీసుకెళ్ళింది. మర్నాడు ఇంకో ఇద్దరొచ్చి ఏనుగులు కావాలన్నారు. వదినగారూ, యాభై ఏళ్ళొచ్చాక నా చేతిలోంచి రొట్టె కానిది ఒకటి పుట్టి, దాన్ని ఎవరో ముద్దు పెట్టుకోవడం చూశాను. ఆ రోజంతా నేల మీద నడవలేదు.

టోపీ కూడా అల్లాను. కుట్లు ఒక్కటి పెరగలేదు, ఒక్కటి తగ్గలేదు. అంచు సాగుతోంది. పైన చక్కగా మూసుకుంది. కానీ ఎంత చిన్నగా వచ్చిందంటే, మా ఇంట్లో అది పట్టే తల ఒక్క బత్తాయికాయకే ఉంది. నాలుగుసార్లు కొలిచాను. సరిగ్గా జానెడున్నరే. నా చెయ్యి బలమైనదే గానీ వేళ్ళు పొట్టి. మీ చెయ్యి నా చేతికంటే పెద్దదేమో అనుకుందామంటే, పెళ్ళిలో మీ చెయ్యి పట్టుకున్నది నేనే కదా. పిచ్చుకపిల్లలా నా గుప్పిట్లో ఇమిడిపోయింది. మీ జానతో కొలిస్తే ఇంకా చిన్నగా రావాలి. మరి మీరు రాసింది ఎవరి జాన?

మీ కోడలి తల్లి

తా.క.: టోపీ పెట్టాక బత్తాయి ముద్దుగా ఉంది. మా ఆయన దాన్ని ఒలవనివ్వడం లేదు.

*

ప్రియమైన వదినగారికి,

జాన నాదే. ఇంకెవరిదుంటుంది? అల్లేటప్పుడు చెయ్యి సాగుతుంది. అలవాటైనవాళ్ళకి ఎక్కువ సాగుతుంది. ఆ సంగతి వదిలేయండి.

మీ అన్నయ్యగారు ఏదో పాత కేసులో సాక్ష్యం చెప్పడానికి కోర్టుకి వెళ్ళారు, మూడు వారాలదాకా రారు. ఇక్కడ చూస్తే డాక్టరమ్మ అయిదు వారాలే ఉందంటోంది. ఆలస్యం కాకూడదని ఈ పాఠం నేనే రాస్తున్నాను. అంటే ఎప్పుడూ నేనే రాస్తాననుకోండి.

నాలుగో పాఠం. పెద్ద టోపీ. కుట్లు బోలెడన్ని ఎక్కించండి. మీకు తోచినన్ని. రంగు మంచిది చూసుకోండి. అల్లుతూ ఉంటే అదే వస్తుంది. పైన దారం పోనిచ్చి బిగిస్తారు కదా, అంత అందంగా ఉన్నప్పుడు కింద మాత్రం ఎందుకు ఊరుకోవాలి? కింద కూడా అలాగే బిగించేయండి. చలి ప్రాంతం మాది. పసివాళ్ళకి ఎటునుంచీ గాలి దూరకూడదు.

మీ అల్లుడి తల్లి

తా.క.: ఈ పాఠం అన్నయ్యగారికి చెప్పనవసరం లేదు. ఆయనకి ఇవేవీ పట్టవని చెప్పానుగా.

*

వదినగారికి,

మీరు రాసినట్టే అక్షరం తప్పకుండా అల్లాను. తొంభై కుట్లు ఎక్కించాను. పైన బిగించాను, కింద బిగించాను, పక్క కుట్టేశాను. గాలి దూరడం లేదు.

తల కూడా దూరడం లేదు.

మా ఆయన దాన్ని రెండు చేతులతో పట్టుకుని తిప్పి తిప్పి చూసి, "బిడ్డ లోపలున్నప్పుడే పెట్టేసి ఉంటే బాగుండేది" అన్నారు. నేనేదో పొరపాటు పడ్డాననే అనుకుంటున్నాను. గురువు తప్పు చెప్పరు కదా. ఎటు నుంచి తెరవాలో త్వరగా రాయండి. మూడు వారాలే ఉంది, పొయ్యి దగ్గర కూడా నాకు ఇదే ధ్యాస.

మీ కోడలి తల్లి

తా.క.: ప్రస్తుతానికి అది దిండులా ఉంది. పిల్లి పడుకుంది. లేపలేదు.

*

ప్రియమైన వదినగారికి,

దానికేముందండీ, ఇంత కంగారెందుకు? ఒకవైపు కత్తెరతో గుండ్రంగా కోసేయండి. తల పట్టేంత. సరిపోతుంది.

మీ అల్లుడి తల్లి

తా.క.: మంచి కత్తెర వాడండి.

*

మా అల్లుడుగారి తల్లిగారికి,

మంచి కత్తెరే వాడాను.

కోసిన చోట ఒక కుట్టు జారింది. దాని వెనక ఇంకొకటి. నేను చూస్తుండగానే టోపీ నా చేతుల్లో నోరు తెరిచి, ఆ నోరు పెద్దదై, దారాలు ముక్కలు ముక్కలుగా ఒళ్ళో పడ్డాయి. పన్నెండు రోజుల పని పావుగంటలో పోయింది. పొయ్యిలో రొట్టెలు మాడినా నేను ఏడవలేదు గానీ దీనికి ఏడ్చాను.

మా వీధి చివర నర్సమ్మగారుంటారు. నలభై ఏళ్ళు కాన్పుల ఆసుపత్రిలో పనిచేసి రిటైరయ్యారు. ఆవిడ నా ఏడుపు విని వచ్చి, జరిగింది విని, నవ్వు ఆపుకోలేక మెట్ల మీద కూలబడ్డారు. "అల్లినదాన్ని కత్తెరతో కొయ్యమన్నవాళ్ళు జన్మలో సూది పట్టి ఉండరమ్మా" అన్నారు. మీరు పట్టారని నాకు తెలుసు. అంటే కావాలనే రాశారన్నమాట. అప్పుడు జాన, ఇప్పుడు కత్తెర. మీ ఇంట్లో ఒక్క అమ్మమ్మా తప్పలేదు గనక తప్పేది నేనే కావాలని మీకుంటే, ఆ మాట ముందే చెప్పాల్సింది. నా పొయ్యి నేను చూసుకునేదాన్ని. ఈ మాట రాసినందుకు దేవుడు నన్ను క్షమించాలి. మిమ్మల్ని క్షమించడానికి నాకు కొంచెం టైము పడుతుంది.

కానీ నేను మానలేదు. నాకొచ్చిన కొలత రొట్టె కొలతే గనక దాంతోనే మొదలుపెట్టాను. పిండి గుండ్రంగా చేసి, కాల్చి, నర్సమ్మగారి చేతిలో పెట్టి, "పుట్టిన బిడ్డ తల ఇంతేనా?" అని అడిగాను. కొన్ని వేల తలలు పట్టుకున్న చెయ్యి అది. మొదటి రొట్టె పట్టుకుని, "ఇది నెలల పిల్లాడు" అన్నారు. రెండోది చూసి, "వీడికి ఒకవైపు వాచింది" అన్నారు. మూడోది రెండు చేతుల్లోకి తీసుకుని, అలవాటు కొద్దీ దాని నెత్తిమీద ముద్దు పెట్టారు. నాకు అర్థమైంది. దారంతో ఆ రొట్టె చుట్టూ కొలిచి, ఎన్ని కుట్లకి ఎంత వెడల్పు వస్తోందో చిన్న ముక్క అల్లి చూసుకుని, ప్రతి నాలుగు వరసలకీ రొట్టెకి తొడిగి చూస్తూ, చెవుల దగ్గర ఆగి, పైన తగ్గించి, పైన మాత్రమే బిగించాను.

టోపీ ఈ పార్శిల్లో ఉంది. దారిలో నలగకుండా రొట్టెతో సహా పంపుతున్నాను. ఇది మీరు నేర్పింది కాదు. మొదటి మూడు పాఠాలు మీవే, కాదనను. మనవడికో మనవరాలికో పెడతారో, గుమ్మం ముందు వేస్తారో మీ ఇష్టం.

ఇట్లు,
మీ కోడలి తల్లి

తా.క.: బిడ్డ పుట్టగానే కబురు పంపండి. మనమధ్య ఏమున్నా కబురు కబురే.

*

చెల్లెమ్మగారికి,

ఈ ఉత్తరం మీ వదిన రాయడం లేదు. చేతిరాత మారిందని మీరు గమనించే ఉంటారు. రాస్తున్నది నేను, మీ అల్లుడి తండ్రిని.

ముందు కబురు. మొన్న ఉదయం ఎనిమిది గంటల పది నిమిషాలకి మీ అమ్మాయికి ఆడపిల్ల పుట్టింది. తల్లీ బిడ్డా క్షేమం. రేపు మధ్యాహ్నం ఇంటికి తీసుకెళ్ళమన్నారు.

ఇక నేరం ఒప్పుకోవాలి. ముప్ఫై ఏళ్ళు ఇతరుల చేత ఒప్పించినవాణ్ణి, నాకు ఇది అలవాటు లేదు. మీ వదినకి అల్లిక రాదు. సూదికీ చెంచాకీ తేడా చెప్పగలదు, అంతవరకే. అల్లేది నేను. జైల్లో ఊలు పని నేర్పే గది ఒకటుండేది. కాపలాకి కూర్చుని, చూసి చూసి, ఒక ముసలి ఖైదీ దగ్గర నేర్చుకున్నాను. జైలరు ఒళ్ళో ఊలు ఉండ కనిపిస్తే ఆ మర్నాటి నుంచి నా మాట ఎవరు వింటారు? అందుకని ఇంట్లో తలుపులు మూసుకుని అల్లేవాణ్ణి, పేరు మీ వదినది. పెళ్ళికి మా వాళ్ళు వేసుకొచ్చిన స్వెట్టర్లన్నీ నావి. పాఠాలు నేను చెప్పాను, ఆవిడ రాసింది. జాన నాది. ఎవరి జాన అని ఆవిడ అడగలేదు, చెప్పాలని నాకు తోచలేదు. నాలుగో పాఠం, కత్తెర పూర్తిగా ఆవిడ సొంతం. కోర్టు నుంచి వచ్చి ఆ సంగతి విని గోడ పట్టుకుని కూర్చున్నాను. నా ఉద్యోగంలో హత్యలు విన్నాను గానీ, కుట్టుమీద కత్తెర పెట్టమన్న మాట వినలేదు. అయితే చెల్లెమ్మా, ఆవిడకి చెడు ఉద్దేశం లేదు. నా పరువు కాపాడబోయి మీ మనసు నొప్పించింది. ఆ తప్పు నాదే.

ఇంకొక తప్పుంది, అది ఇంతకంటే పెద్దది. మా ఇంటి ఆచారం మా అమ్మ పెట్టింది. నా మొదటి పిల్లాడు పుట్టినప్పుడు మా అత్తగారు నాకు రహస్యంగా కబురు పెట్టారు. "నాకు రాదు నాయనా, ఏదో ఒకటి చెయ్యి" అని. చేశాను. తర్వాత మా అన్నదమ్ముల ఇళ్ళలో, మా పెద్ద కొడుకుల ఇళ్ళలో ఏ బిడ్డ పుట్టబోతున్నా ఆ అమ్మమ్మ మీ వదినకి చాటుగా ఉత్తరం రాసేది, టోపీ పంపించమని. ఒక్కొక్కరూ తామొక్కరే తప్పు చేస్తున్నామనుకుని ఈరోజుకీ నోరు విప్పలేదు. పదకొండు మంది పిల్లలు, పదకొండు అమ్మమ్మ టోపీలు, అన్నీ నా చేతివి. మీ ఉత్తరం కూడా అలాంటిదేననుకుని విప్పాం. "చేసి పెట్టమని కాదు, నేర్పమని" అని ఉంది. నాలుగు రోజులు తలుపులేసుకుని మొదటి పాఠం తయారుచేశాం.

మీ వల్ల కాకపోతే ఉంటుందని పన్నెండో టోపీ కూడా అల్లి పెట్టెలో దాచాను. ఈరోజు మీ పార్శిల్ వచ్చింది. మీ టోపీ తీసుకుని ఆసుపత్రికి వెళ్ళాం. మీ అమ్మాయి దాన్ని తిప్పి చూసి, "మా అమ్మా? మా అమ్మే అల్లిందా?" అని నాలుగుసార్లు అడిగి, నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. బిడ్డకి పెట్టాం. సరిగ్గా చెవుల దాకా వచ్చింది. నేను చేసిన వాటిలో ఒక్కటీ మొదటి రోజు అంత బాగా కూర్చోలేదు. ఇంటికొచ్చి, పెట్టెలోంచి నా టోపీ తీసి, దారం కొస పట్టుకుని మొత్తం విప్పేశాను.

చెల్లెమ్మగారూ, రేపు మా ఇంటి గడప దాటబోయే పిల్ల, మా ఆచారం ప్రకారం నిజంగా అమ్మమ్మ చేతి టోపీ పెట్టుకుని వస్తున్న మొదటి పిల్ల.

పొయ్యి ఆర్పి, బావగారిని వెంటబెట్టుకుని బయలుదేరండి. ఇది ఆజ్ఞ.

ఇట్లు,
మీ అల్లుడి తండ్రి

తా.క.: కింద ఖాళీ వదలమని మీ వదిన గొడవ చేస్తోంది. వదిలాను.

వదినగారూ, నాకు మీ మొహం చూడడానికే భయంగా ఉంది. అయినా రండి. ముప్ఫై ఏళ్ళు ఆయన స్వెట్టర్లకి పొగడ్తలు తిన్నదాన్ని, మీ తిట్లు కూడా తినగలను. ఈయన ఈ కాగితం నాకిచ్చి మళ్ళీ ఆసుపత్రికి వెళ్ళి, వరండాలో అందరి ముందూ కూర్చుని సాక్సులు అల్లుతున్నారు, ఇద్దరు నర్సులు, ఒక వాచ్‌మన్ నేర్చుకుంటున్నారు, కుట్టు జారితే లేచి నిలబడమంటున్నారట. నేను మాత్రం మీ దగ్గరే నేర్చుకుంటాను. ఇంకొక మాట, మీరు వచ్చాక తెలియడం కంటే ఇప్పుడే చెప్పడం మంచిది. నాలుగు నెలలు పాఠాలతో మీ తల తిన్నాను. ఈరోజు టోపీ తియ్యగానే లోపలున్న తల కూడా పాలల్లో నానబెట్టుకుని తినేశాం. ముద్దు పెట్టిన చోటు మీ అల్లుడు తీసుకున్నాడు.